ఖజానా పొదుపు, వంటింటి కోత

పొదుపు అనే మాట మనకి కొత్త కాదు. పోపుల డబ్బాలో దాచిన పదిరూపాయల నోటు దగ్గర్నించి పొదుపు సంఘం పాసుపుస్తకం దాకా, ఆడవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేని విద్య అది. కానీ అదే మాట ప్రభుత్వం నోట వచ్చేసరికి అర్థం మారిపోతుంది. మనం పొదుపు చేస్తే నాలుగు డబ్బులు మిగుల్తాయి. ప్రభుత్వం 'పొదుపు చర్యలు' అన్నదంటే ఎవరికో ఏదో తగ్గబోతోందని లెక్క. అది ఎవరికి, ఏ వస్తువు, ఎంత అన్నదే అసలు ప్రశ్న.

చిత్రమేమిటంటే ఈ మాట ఎప్పుడూ ధరలు మండిపోయే రోజుల్లోనే వినిపిస్తుంది. పప్పు, నూనె, కిరసనాయిలు అందకుండా పోతున్నప్పుడు, చేయందించాల్సిన ప్రభుత్వం చెయ్యి వెనక్కి తీసుకుంటానంటుంది. ఆర్థిక శాస్త్రవేత్తలు అవునంటారు, ప్రతిపక్షాలు కాదంటాయి, పత్రికల్లో పేజీలకి పేజీలు చర్చ నడుస్తుంది. ఆ చర్చలో సంచీ పట్టుకుని రేషన్ షాపు ముందు నిలబడే మనిషి గొంతు మాత్రం వినపడదు.

2024 ఎన్నికలయ్యాక ఆంధ్రప్రదేశ్ కొత్త ప్రభుత్వం ఆర్థిక పరిస్థితి మీదా, మద్యం, విద్యుత్తు వంటి మరికొన్ని విషయాల మీదా శ్వేతపత్రాలు ప్రకటించింది. అప్పులు ఎంత, వాటికి ఎవరు బాధ్యులు అని వాదోపవాదాలు జరిగాయి. నా వయసు వాళ్ళకి అది ఎక్కడో విన్న పాటలా అనిపించింది. 1996లోనూ ఇదే ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు గారు ఇలాగే శ్వేతపత్రాలు విడుదల చేసి, 'ఖజానా ఇలా ఉంది, ఏం చేద్దామో మీరే చెప్పండి' అని ప్రజల్ని చర్చకి పిలిచారు. ఆ చర్చ చివరికి ఏం తేల్చిందో ఒకసారి గుర్తు చేసుకోవడం ఇప్పుడు అవసరం.

ఎవరి కోత ఎవరి మీద పడింది?

కథ 1996లో మొదలు కాలేదు. 1991 వేసవిలో దేశం దగ్గర విదేశీ మారకం అడుగంటింది. బంగారం విదేశాలకి పంపి తాకట్టు పెట్టుకోవలసి వచ్చింది. ఇంట్లో పుస్తెలతాడు తాకట్టు పెట్టిన వాళ్ళకి ఆ బాధ వేరే వివరించక్కర్లేదు. ఆ ఏడాది ఆగస్టు నాటికి ధరల పెరుగుదల 17 శాతం దగ్గరికి చేరింది. మన తెలుగువాడు పి.వి. నరసింహారావు గారు ప్రధానిగా, మన్మోహన్‌సింగ్ ఆర్థికమంత్రిగా జూలై 24న పెట్టిన బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచుతామన్నారు. వంటగ్యాసు, రేషన్ పంచదార ధరలు కూడా పెరిగాయి. గొడవ అయ్యాక ఎరువుల పెంపుని 30 శాతానికి దించి, చిన్న సన్నకారు రైతులకి మినహాయింపు ఇచ్చారు. మరుసటి ఏడాది, 1992 ఆగస్టులో, యూరియా తప్ప మిగతా ఎరువుల మీద ధరల నియంత్రణే ఎత్తేశారు. పత్తికీ మిరపకీ డి.ఏ.పి. బస్తాలు వేసే మా పర్చూరు ప్రాంతంలో ఆ మాటకి అర్థం ఏమిటో పొలానికి పెట్టుబడి సర్దే ప్రతి ఇల్లాలికీ తెలుసు. మగవాళ్ళు కొట్టు దగ్గర బస్తా అరువు తెస్తే, ఆ అరువు తీర్చడానికి ముందుగా అమ్ముడుపోయేది గేదో, చెవి కమ్మలో.

బియ్యం సంగతి చూడండి. కేంద్రం రాష్ట్రాలకిచ్చే సాధారణ రకం బియ్యం ధర 1991 డిసెంబరు దాకా కిలో 2 రూపాయల 89 పైసలు. ఆ నెలాఖరులో 3.77 అయింది. 1993 జనవరిలో 4.37, 1994 ఫిబ్రవరిలో 5.37. రెండేళ్ళు దాటీ దాటకుండానే దాదాపు రెట్టింపు. ఇది కేంద్రం చేసిన పొదుపు. రైతుకిచ్చే మద్దతు ధర పెంచక తప్పదు, ఆ భారం తాను మొయ్యలేనన్నది, రాష్ట్రాల మీదకి తోసింది.

రాష్ట్రం ఏం చేస్తుంది? 1983లో ఎన్.టి. రామారావు గారు మొదలుపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం మధ్యలో ప్రియమైనా, 1994 డిసెంబరులో ఆయన తిరిగి గెలవగానే మళ్ళీ రెండు రూపాయలకే ఇచ్చారు. కేంద్రం ధర 5.37, ఇక్కడ అమ్మేది 2. కిలోకి 3 రూపాయల 37 పైసలు, పైన రవాణా, డీలరు కమిషను. ఈ లోటు ఏటేటా పెరిగింది. 1996లో రాష్ట్ర ప్రభుత్వం ధరని రెండు నుంచి మూడున్నరకి పెంచి, తన లోటులో కిలోకి రూపాయిన్నర తగ్గించుకుంది.

ఆ రూపాయిన్నర ఎక్కడికి పోయింది? మాయమైపోలేదు. కేంద్రం నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి ఇంటికి జారింది. ఇంట్లోకి వచ్చాక ఇంకా జారింది. ఇరవై కిలోలు తెచ్చుకునే ఇంటికి నలభై రూపాయలు కట్టే చోట డెబ్భై అయింది. నెలకి ముప్పై రూపాయలు తేడా. ఆనాటి ఆడకూలీకి అది ఒక రోజు కూలికి పైమాటే. పాలవాడికి, పిల్లవాడి పుస్తకాలకి, మందులకి, దేనికో ఒకదానికి ఆ ముప్పై తగ్గాలి. అన్నీ తగ్గించినా చాలకపోతే చివరికి తగ్గేది అందరికంటే వెనక తినే మనిషి కంచంలో.

మిరప కోతల్లో పనిచేసే ఒక పెద్దామెని ఈమధ్య ఆ రోజుల సంగతి అడిగాను. "ఆ రూపాయిన్నర మా ఇంట్లో ఎవురి కంచంలోంచి పోయిందో ఆ పత్రాల్లో రాశారా అమ్మాయ్?" అని తిరిగి నన్నే అడిగింది. రాయలేదు. శ్వేతపత్రంలో ఖజానా లెక్క ఉంటుంది, కంచం లెక్క ఉండదు.

పొదుపు అక్కర్లేదా మరి?

అలాగని, ప్రభుత్వం ఎంతైనా ఖర్చు పెట్టొచ్చు, అప్పు చేసైనా పప్పుకూడు పెట్టాలి అని వాదించడం నా ఉద్దేశం కాదు. అప్పుల ఊబి అంటే ఏమిటో పత్తి పండించే నేల మీద బతికేవాళ్ళకి ఇంకొకరు చెప్పాలా? 1997-98లో పత్తి పోయి వరంగల్ జిల్లాలోనూ, ఇటు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోనూ రైతులు పురుగుమందు తాగారు. పురుగు, నకిలీ మందులు, చేబదులు వడ్డీలు, అన్నీ కలిశాయి. మగవాడు పోయాక అప్పు పోలేదు. పత్రాలు పట్టుకుని ఆ ఇంటి ఆడమనిషి ముందు నిలబడ్డారు. కాబట్టి వడ్డీ అంటే ఏమిటో మనకి తెలుసు. ప్రభుత్వం కట్టే వడ్డీ కూడా మన పన్నుల్లోంచి పోయేదే.

ధరలు పెరిగినప్పుడు ప్రభుత్వం ఖర్చు తగ్గించాలనే వాదంలో కొంత నిజం ఉంది. ప్రభుత్వం రాబడికి మించి ఖర్చుపెట్టి, ఆ లోటుకి రిజర్వు బ్యాంకు నుంచి కొత్త నోట్లు తెచ్చుకుంటే, బజారులో సరుకు అంతే ఉండి డబ్బు మాత్రం పెరుగుతుంది. ధర పైకి పోతుంది. కేంద్ర ప్రభుత్వం అలా తనకు తోచినప్పుడల్లా రిజర్వు బ్యాంకు దగ్గర తెచ్చుకునే పద్ధతిని 1997లో ఆపేశారు. ధరలు పెరిగితే అందరికంటే ముందు నష్టపోయేది రోజుకూలీలే కాబట్టి, లోటు తగ్గించడం పేదలకి మేలేనంటారు పొదుపు కోరేవాళ్ళు. మంచిదే.

కానీ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, రాష్ట్ర ప్రభుత్వం నోట్లు అచ్చు వెయ్యలేదు. కాబట్టి రాష్ట్రం బియ్యం ధర పెంచితే తగ్గేది రాష్ట్రం లోటు. బజారులో ధరలు దిగుతాయన్న హామీ ఏమీ లేదు. పైగా రేషన్ బియ్యం ధర పెంచడమే పేదింటికి ఒక ధర పెరుగుదల. రెండోది, ఖర్చు తగ్గించడం ఒక్కటే మార్గం కాదు, ఉన్నవాళ్ళ దగ్గర పన్ను వసూలు చెయ్యడం కూడా మార్గమే. చర్చలో మొదటి మార్గం గురించి ఎంత మాట్లాడతారో రెండో దాని గురించి అంత మాట్లాడరు.

మా ఊళ్ళో పదెకరాలు చేయించే ఒక వదిన మాత్రం నాతో గట్టిగానే వాదించింది. "చౌకగా బియ్యం పోస్తుంటే కూలికి ఎవరొస్తున్నారు? పొద్దున తొమ్మిదైనా కదలరు. ఎరువుకి పెంచారు, మందులకి పెంచారు, కూలికి పెంచారు. మా మిరపకాయలకి మాత్రం ఎవరూ పెంచరు" అంది. ఆమె కష్టం అబద్ధం కాదు. పండిన ఏడాది ధర ఉండదు, ధర ఉన్న ఏడాది పంట ఉండదు. గుంటూరు యార్డుకి టిక్కీలు తోలాక వచ్చిన డబ్బు పెట్టుబడికే చాలని ఏళ్ళు ఎన్నో.

అయితే ఆమె మాటలోనే ఇంకో నిజం దాగుంది. ఇంట్లో బియ్యం ఉన్న కూలిమనిషి ఇచ్చినంతకి తలూపదు, 'ఇంత ఇస్తేనే వస్తాం' అని అడగగలుగుతుంది. మాది ఎక్కువగా నల్లరేగడి, పత్తి, మిరప, పొగాకు, శనగ పండే నేల. చేలో పని చేసిన మనిషి ఇంటికి తీసుకెళ్ళి వండుకునే పంట కాదు అది. మిరపకాయలు కోసినంత మాత్రాన కడుపు నిండదు, బియ్యం కొనాల్సిందే. అందుకే ఇక్కడ రేషన్ బియ్యం కేవలం తిండి గింజలు కాదు, కూలి బేరంలో ఆడమనిషి చేతిలో ఉన్న ఏకైక బలం. దాన్ని తగ్గించినప్పుడు ప్రభుత్వానికి మిగిలేది రూపాయిన్నరే అయినా, ఆమెకి పోయేది అంతకంటే ఎక్కువ. రైతుకి న్యాయం జరగాలంటే మిరపకి ధర రావాలి గానీ కూలి కడుపు ఖాళీ కాకూడదు.

బియ్యానికి సారా డబ్బు

ఇక అసలు సంగతికి వద్దాం. రాయితీ ఇవ్వడానికి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?

మన రాష్ట్రంలో దీనికి దొరికిన తేలిక సమాధానం మద్యం. 1970-71లో ఎక్సైజు మీద నలభై కోట్లు కూడా రాని రాబడి 1991-92 నాటికి ఎనిమిది వందల కోట్లు దాటింది. 'వారుణి వాహిని' పేరుతో సారాని ప్యాకెట్లలో పోసి పల్లెపల్లెకీ చేర్చారు. ఒక చేత్తో రెండు రూపాయల బియ్యం ఇచ్చి ఇంకో చేత్తో అంతకంటే ఎక్కువ లాక్కుంటున్నారన్న సంగతి కనిపెట్టింది ఆర్థిక శాస్త్రవేత్తలు కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం రాత్రిబడికి వెళ్ళిన ఆడవాళ్ళు. రోశమ్మ వంటి వాళ్ళు ముందు నడవగా 1992లో ఆ ఉద్యమం జిల్లాలు దాటింది, వేలంపాటలు ఆపించింది. 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి.

రెండేళ్ళు తిరిగేసరికి ఏమైంది? 1997లో నిషేధం సడలించారు, సారా తప్ప మిగతా మద్యం మళ్ళీ వచ్చింది. కారణాల్లో దొంగసారా, పొరుగు రాష్ట్రాల నుంచి రవాణా ఉన్నాయి, కాదనను. కానీ శ్వేతపత్రాల నాటి నుంచి గట్టిగా వినిపించిన మాట ఖజానాకి గండి పడిందన్నది. అంటే ఆ పొదుపు రెండు వైపుల నుంచీ వచ్చింది. ఒకవైపు బియ్యం ధర పెంచారు, ఇంకోవైపు మద్యం తలుపు తెరిచారు. ఖజానా లెక్కలో రెండూ లాభాలే. అదే ఇంటి లెక్కలో చూడండి. బియ్యానికి ముప్పై ఎక్కువ కట్టాలి, మగవాడి కూలి సగం దారిలోనే ఖర్చవుతుంది. పేరుకి రెండు వేర్వేరు శాఖలు, దెబ్బ తగిలేది మాత్రం ఒకే వంటింటికి.

ఆ తరవాత ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి. దుకాణం ఒకసారి ప్రైవేటుది, ఒకసారి ప్రభుత్వానిది, 2024 అక్టోబరు నుంచి మళ్ళీ ప్రైవేటుది. దశలవారీ నిషేధం మాట కూడా విన్నాం. మద్యం రాబడి లేకుండా బడ్జెట్టు వెయ్యగల ధైర్యం మాత్రం ఎవరికీ రాలేదు. 'ఆడపడుచులకి ఇస్తున్నాం' అన్న ప్రతి పథకం వెనకా ఆ డబ్బులో ఎంత భాగం మన ఇళ్ళ నుంచే వెళ్ళిందో ఎవరూ చెప్పరు.

వీధికెక్కిన ధరలు

ధరల మీద ఆడవాళ్ళు మాట్లాడింది ఇక్కడే కాదు. 1972 తరవాత కరువు, ధరలు కలిసి కమ్మేసినప్పుడు బొంబాయిలో మృణాల్ గోరే, అహిల్యా రంగ్నేకర్ నాయకత్వాన వేలమంది ఇల్లాళ్ళు అప్పడాల కర్రలు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. 1974లో ధరల పెరుగుదల 30 శాతం దాటితే కేంద్రం ఉద్యోగుల జీతాల పెంపుని, కరువుభత్యం పెంపులో సగాన్ని బలవంతపు డిపాజిట్లుగా పట్టి ఉంచింది. కనీసం అప్పుడు నెలజీతగాళ్ళ మీద కూడా భారం పడింది.

మన రాష్ట్రంలో పొదుపు సంస్కరణ బాట పట్టాక 1998లో ప్రపంచ బ్యాంకు 54 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. విద్యుత్తు రంగాన్ని విడదీశారు. 2000లో కరెంటు ఛార్జీలు పెరిగాయి. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో నిరసనకారుల మీద కాల్పులు జరిగాయి, ముగ్గురు ప్రాణాలు పోయాయి. 2004 మే 14న రాజశేఖరరెడ్డి గారు రైతులకి ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పెట్టారు. 2008లో బియ్యం మళ్ళీ రెండు రూపాయలైంది, 2011 నవంబరులో కిరణ్‌కుమార్‌రెడ్డి గారి హయాంలో రూపాయి అయింది. 2023 జనవరి నుంచి కేంద్ర ఆహార భద్రత చట్టం కింద ఉచితమైంది. చూశారా, కోసినవాళ్ళే ఓడిపోయారో, ఓడిపోతామనే ఇచ్చారో గానీ, ప్రజలు మర్చిపోతారనుకున్న రూపాయిన్నర పదిహేనేళ్ళు రాజకీయాన్ని తిప్పింది.

పక్కనే ఉన్న శ్రీలంకని చూస్తే ఇంకో భయం కూడా అర్థమవుతుంది. 2022 సెప్టెంబరులో అక్కడ ధరల పెరుగుదల 70 శాతం దగ్గరికి వెళ్ళింది. అప్పులవాళ్ళకి సమాధానం చెప్పుకోవడానికి కరెంటు ఛార్జీలు ఆగస్టులో 75 శాతం, మళ్ళీ 2023 ఫిబ్రవరిలో 66 శాతం పెంచారు. గ్యాసు దొరక్క పట్నపు ఇళ్ళల్లో కూడా కట్టెల పొయ్యి పెట్టారు. ముందుగా లెక్క చూసుకోకపోతే తరవాత వచ్చే పొదుపు ఎంత కర్కశంగా ఉంటుందో అది చెబుతోంది. కాబట్టి లెక్క అడగడం ప్రతిపక్షాల పని మాత్రమే కాదు, మన పని కూడా.

మన దగ్గర ఇంత దూరం పోలేదు గానీ, 2022 ఏప్రిల్‌లో చిల్లర ధరల పెరుగుదల 7.79 శాతానికి చేరింది. అప్పటికే, 2020 మే నుంచి, గ్యాసు సబ్సిడీ ఎక్కువమంది ఖాతాల్లో పడడం ఆగిపోయింది. ఆపుతున్నామని పెద్దగా ప్రకటన లేదు, శ్వేతపత్రం లేదు. సిలిండరు వెయ్యి రూపాయలు దాటాక గానీ చాలామందికి తెలియలేదు. చర్చ పెట్టి కోసిన పొదుపు కంటే చప్పుడు లేకుండా కోసిన పొదుపు ఇంకా ప్రమాదం. మొదటి దాంట్లో కనీసం 'వద్దు' అనడానికి వీలుంటుంది.

మనం అడగాల్సినవి

2024 నవంబరులో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు, 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకి ఉచిత బస్సు ప్రయాణం మొదలయ్యాయి. వెంటనే 'ఉచితాలతో రాష్ట్రం మునిగిపోతుంది' అన్న చర్చ కూడా మొదలైంది. బస్సెక్కి చీరాల ఆసుపత్రికి వెళ్ళే ముసలమ్మని ఖజానాకి బరువని నేను అనలేను. అలాగే అప్పు సంగతి నాకెందుకని కూడా అనలేను. మధ్యలో నిలబడి నాలుగు ప్రశ్నలు మాత్రం అడగొచ్చు. గ్రామసభలో గానీ, పొదుపు సంఘం సమావేశంలో గానీ, ఓటు కోసం వచ్చినవాళ్ళని గానీ.

ఒకటి: ఖర్చు తగ్గిస్తున్నారు సరే, మొదటి కోత ఎవరి మీద? మంత్రుల కాన్వాయి మీదా, పెద్ద కంపెనీల రాయితీల మీదా, బియ్యం మీదా?

రెండు: ఇస్తున్నారు సరే, ఆ డబ్బులో మద్యం రాబడి ఎంత? అది ఏటా తగ్గుతుందా, పెరుగుతుందా?

మూడు: బియ్యం, పంచదార, గ్యాసు వంటివాటిలో మార్పు చేసేముందు ఊళ్ళో చెబుతారా, లేక షాపు దగ్గరికి వెళ్ళాకే తెలియాలా?

నాలుగు: కష్టకాలం అని తగ్గించినది కష్టం తీరాక తిరిగి ఇస్తారా? ఎప్పుడు?

ఇంట్లో డబ్బు తక్కువైన నెలలో మనం ఏం చేస్తాం? పండక్కి చీరలు మానేస్తాం, శుభకార్యానికి కట్నం తగ్గిస్తాం, అప్పటికీ చాలకపోతే నగ తాకట్టు పెడతాం. పిల్లల అన్నంలో మాత్రం చెయ్యి పెట్టం. ఈ వరస తెలియని ఇల్లాలు మన జిల్లాలో లేదు. ప్రభుత్వాన్ని కూడా అదే వరసలో పొదుపు చెయ్యమనడం గొంతెమ్మ కోరికేమీ కాదు.